నూట ఎనిమిది ముక్కల పెట్టె

బ్యాటరీ టెర్మినల్ నట్టుని కటింగ్ ప్లయర్‌తో విప్పిన రోజే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. నట్టు మూలలు సగం అరిగాక, చేతిలో సరైన పానా ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదనుకుని, ఒకటి కొనాల్సింది పోయి నూట ఎనిమిది కొన్నాను.

ఆ పెట్టెను ఎలా ఎంచుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 46 ముక్కలది, 94 ముక్కలది, 108 ముక్కలది పక్కపక్కన పెట్టుకుని చూశాను. ముక్కలు ఎక్కువుంటే పనులు ఎక్కువ చేయొచ్చని లెక్క. 150, 216 కూడా ఉన్నాయి గానీ మోయలేనేమోనని ఆగాను. అప్పటికి నా కారులో ఏ సైజు బోల్టులున్నాయో ఒక్కటీ తెలియదు. పాదం కొలుచుకోకుండా అన్ని సైజుల చెప్పులూ ఒక్కో జత కొనుక్కొచ్చుకున్నవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఆరు నెలలు గడిచాక ఒకరోజు నేల మీద పాత దుప్పటి పరిచి ఆ నూట ఎనిమిదీ బయటపెట్టి లెక్కేశాను. స్క్రూడ్రైవర్ బిట్లే నలభైకి పైగా ఉన్నాయి. అవి ఒక్కొక్కటీ ఒక్కో ముక్క కింద లెక్క. పావు అంగుళం రాచెట్‌కి (టిక్కు టిక్కుమంటూ ఒకవైపే తిప్పే పిడి) సాకెట్లు (బోల్టు తల మీద టోపీలా కూర్చునేవి) పదమూడు, అర అంగుళం రాచెట్‌కి పద్దెనిమిది. అందులో 30, 32 మిల్లీమీటర్ల సైజులు కూడా ఉన్నాయి. అంత లావు నట్టు చిన్న కారులో ఉంటే గింటే ముందు చక్రాల ఇరుసు చివర ఉంటుంది, దాని జోలికి నేను జన్మలో పోను. ఇక నక్షత్రం ఆకారపు బోల్టు తలలకి ఇ-టార్క్స్ సాకెట్లు, నాలుగు అలెన్ కీలు, ఎందుకో తెలియని రెండు అడాప్టర్లు. ఒక్క పానా లేదు. ఒక్క ప్లయర్ లేదు. ఆ ఆరు నెలల్లో నేను నిజంగా వాడినవి ఏరి పక్కన పెడితే పదకొండు తేలాయి.

లెక్క పెట్టించింది మా మేనమామ. నలభై ఏళ్లు గ్యారేజీ నడిపి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో కూర్చుని మా అందరి కార్ల మీదా తీర్పులు చెబుతుంటాడు. పెట్టె తెరిచి చూపించగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇందులో పానాలేవిరా?"

"సాకెట్లున్నాయి కదా మామయ్యా."

"సాకెట్టు పైనుంచి దిగాలి. పైన చోటు లేకపోతే ఎక్కడినుంచి దింపుతావు?"

నాకు జవాబు లేదు. ఆ ప్రశ్న ఎంత ఖరీదైనదో అంతకు రెండు వారాల ముందే ముందు చక్రం బ్రేకు దగ్గర తెలిసొచ్చింది. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చడం నేర్చుకునేవాడికి మంచి పని. చక్రం విప్పాలి, ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ వెనక రెండు బోల్టులుంటాయి, కింది బోల్టు తీస్తే కాలిపర్ పైకి తిరుగుతుంది, పాత ప్యాడ్లు తీసి, వాటిని నొక్కే పిస్టన్‌ని లోపలికి తోసి, కొత్తవి పెట్టడమే. నా కారులో ఆ బోల్టుల తల 14 సైజు. కింది బోల్టు తిప్పితే తిరుగుతోంది గానీ ఊడి రావట్లేదు. దాని వెనకున్న గైడ్ పిన్ను కూడా దాంతోపాటే తిరిగిపోతోంది. ఆ పిన్నుకి రెండు పక్కలా చదునుగా కోసి ఉంటుంది, అక్కడ పలచటి 17 పానా పెట్టి పట్టుకుంటే పిన్ను ఆగి బోల్టు కదులుతుంది. నా దగ్గర 17 సాకెట్టు ఉంది. ఆ సందులో సాకెట్టు చెయ్యగలిగిందేమీ లేదు. ప్లయర్‌తో పిన్ను పట్టుకుని ఇంకో చేత్తో రాచెట్ లాగాను. ప్లయర్ జారింది, మళ్లీ పట్టుకున్నాను, ఈసారి బలంగా లాగితే సాకెట్టే బోల్టు తల మీద గర్రున తిరిగింది. బయటికి తీసి చూస్తే ఆరు మూలలూ గుండ్రంగా మెరుస్తున్నాయి.

సాకెట్టు లోపలికి అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. ఆరు మూలలుండాల్సిన చోట పన్నెండు ఉన్నాయి. పన్నెండు మూలల సాకెట్టు బోల్టు తలని దాని మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆరు మూలలది మూలకి కాస్త ఇవతల, చదును భాగం మీద ఆనుతుంది. పన్నెండు మూలలదానికి ఒక సౌకర్యం ఉంది, 30 డిగ్రీలకొకసారి బోల్టు మీద కూర్చుంటుంది, ఆరు మూలలదైతే 60 డిగ్రీలు తిప్పి చూసుకోవాలి. తుప్పు పట్టని కొత్త బోల్టుకి ఏదైనా ఒకటే. తుప్పు తిని తల కొంచెం సన్నబడిన పదేళ్ల బ్రేకు బోల్టుకి మాత్రం పన్నెండు మూలలు పనికిరావు.

మామయ్య వచ్చాడు. ఆయన చేతిలో పెట్టె లేదు, గుడ్డ సంచి ఉంది. వచ్చీ రాగానే బోల్టు సంగతి వదిలేసి కారు కింద చూశాడు. కారు, దాంతోపాటు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ మీద నిలబడి ఉంది.

"దీని మీద పెట్టి తల లోపల పెట్టావా?"

"చెయ్యి మాత్రమే మామయ్యా."

"చెయ్యి అక్కర్లేదా నీకు?"

చక్రం తిరిగి పెట్టించి కారు దింపించాడు. ఆయన తెచ్చిన రెండు స్టాండ్లు (ఎత్తిన కారు బరువు మోసే ఇనప కాళ్లు) వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కముక్కలు అడ్డం పెట్టి, మళ్లీ ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టి, భుజంతో కారుని ఒక కుదుపు కుదిపి చూశాకే కూర్చున్నాడు. తర్వాత చక్రం విప్పి, ఆరు మూలల 13 సాకెట్టు తీసి, అరిగిన 14 తల మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలేశాడు. అది బిగిసి కూర్చుంది. పలచటి 17 పానాతో పిన్ను పట్టుకుని, పొడుగు బార్‌తో ఒక్క లాగు. బోల్టు వచ్చేసింది. సాకెట్టులోంచి ఆ బోల్టుని ఊడగొట్టడానికి పట్టిన సమయమే ఎక్కువ. దాని బదులు కొత్త బోల్టు తెచ్చి వేశాం.

కారు టూల్ కిట్టు అనగానే అందరూ పానాలూ సాకెట్ల గురించి మాట్లాడతారు. నన్ను అడిగితే మొదట కొనాల్సినవి ఆ పెట్టెలో దొరకనివే: జత స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు, చిన్న ట్రాలీ జాకీ, అంటే చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ. కత్తెర జాకీ రోడ్డు పక్కన పంక్చరైన టైరు మార్చుకోవడానికి, అంతే. హైడ్రాలిక్ జాకీ ఎంత మంచిదైనా లోపల ఒక రబ్బరు సీలు నూనె కారిస్తే మెల్లగా దిగిపోతుంది, అది ఎత్తడానికే గాని నిలబెట్టి ఉంచడానికి కాదు. స్టాండ్లు ఎక్కడ పెట్టాలో కారు మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటుంది. తలుపుల కింద అంచు పొడవునా రేకు రెండు మడతలుగా గట్టిపరిచిన చోట్లు కొన్నే ఉంటాయి. ఆ బొమ్మ చూడకుండా ఒకసారి పక్కన పెట్టి రేకు నొక్కేశాను, ఆ నొక్కు ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రం మామయ్య వెళ్తూ వెళ్తూ ఒక పని చెప్పాడు. "ఇంకేమీ కొనకు. ముందు ఒక పుస్తకం పెట్టుకుని కారు చుట్టూ తిరిగి రాసుకో." ఆయన మాట ప్రకారం మూడు ఆదివారాలు చేశాను. బానెట్ ఎత్తి, ఒక్కో బోల్టు మీద సాకెట్టు పెట్టి చూసి, మూడు గడులుగా రాసుకున్నాను. ఏ పని, ఏ సైజు, చెయ్యి ఎటునుంచి వెళ్తుంది. మూడో గడి రాయమన్నది కూడా ఆయనే. మొదట అనవసరం అనిపించింది గానీ చివరికి కొనుగోలంతా ఆ గడి మీదే నడిచింది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా, 10, పైనుంచి. బ్యాటరీ టెర్మినళ్లు, 10, పైనుంచి. బ్యాటరీని పట్టి ఉంచే పొడుగు కడ్డీల నట్లు, 10, కానీ కడ్డీ నట్టు పైకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి మామూలు సాకెట్టు అందదు, డీప్ సాకెట్టు కావాలి. ఇగ్నిషన్ కాయిళ్లు (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి), 10. స్పార్క్ ప్లగ్గులు, 16, లోతైన గొయ్యిలో. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది) బెల్టు బిగింపు, 12, 14, పక్కనుంచి, పైన గొట్టం అడ్డం. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, 14, కింద నుంచి. కాలిపర్, 14, వెనక 17. చక్రాల నట్లు, 21. 10 సైజు బోల్టులు నలభై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాను. ప్రపంచంలో మెకానిక్కులందరూ 10 సాకెట్టు పోయిందనే ఎందుకు ఏడుస్తారో అప్పుడర్థమైంది. అన్నిటికన్నా ఎక్కువ చేతిలో ఉండేది అదే, కాబట్టి పోయేదీ అదే.

పుస్తకం నిండేసరికి ఒక వరస కనిపించింది: 8, 10, 12, 14, 17, 19, 21. మధ్యలో 13, 15, 16, 18 దాదాపు లేనే లేవు. ప్లగ్గు ఒక్కటే 16. ఇదేదో నా కారు చాదస్తం అనుకున్నాను, కాదట. పానా సైజు బోల్టు తల వెడల్పుని చెబుతుంది, బోల్టు లావుని కాదు. 6 మిల్లీమీటర్ల లావు బోల్టుకి తల మామూలుగా ఎక్కడైనా 10 సైజే ఉంటుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకి జపాను కార్లలో తల 12, యూరపు కార్లలో 13. 10 మిల్లీమీటర్లదానికి జపాను 14, యూరపు 16, పాతవాటిలో 17. 12 మిల్లీమీటర్లదానికి జపాను 17, యూరపు 18 లేదా 19. నాది జపాను డిజైను కారు, అందుకే ఆ వరస. యూరపు కారున్న స్నేహితుడు ఇదే పుస్తకం రాస్తే అతనికి 13, 16, 18 తోపాటు టార్క్స్ తలలు వరసగా వస్తాయి. అతనికి నా కిట్టు సగం దండగ, నాకు అతనిది సగం దండగ. పెట్టె అమ్మేవాడికి మా ఇద్దరిలో ఎవరొస్తారో తెలియదు కాబట్టి ఇద్దరివీ వేసి, అమెరికా పాత కార్ల అంగుళం సైజులు కూడా పోసి, మొత్తం లెక్కని మూత మీద వేస్తాడు.

ఇక రాచెట్. నా పెట్టెలో పావు అంగుళం, అర అంగుళం రెండే ఉన్నాయి. ఆ అంగుళాల లెక్క రాచెట్ ముందున్న చదరపు మొనది. మిల్లీమీటర్ల కార్లకైనా అది అంగుళాల్లోనే ఉంటుంది. పావుది డాష్‌బోర్డు లోపలి చిన్న స్క్రూలకి బాగుంటుంది, దాంతో 14 బోల్టు మీద కుస్తీ పడితే రాచెట్ పళ్లు పోతాయి. అరది చక్రాలకి బాగుంటుంది, బానెట్ కింద మాత్రం గేదెని వంటింట్లోకి తెచ్చినట్టు ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య 3/8 అంగుళం ఒకటుంది. నా పుస్తకంలో 10 నుంచి 17 దాకా ఉన్న పనులన్నీ దానివే. ఒకే ఒక్క రాచెట్ కొనుక్కోగలిగితే 3/8దే కొనండని ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను.

పళ్ల లెక్క కూడా అప్పుడే తెలిసింది. పెట్టెలో వచ్చిన రాచెట్‌కి 24 పళ్లు. అంటే ఒక్క టిక్కు పడాలంటే పిడిని 15 డిగ్రీలు తిప్పాలి. ఆల్టర్నేటర్ కింది బోల్టు దగ్గర పిడి ఒకవైపు గొట్టానికి, ఇంకోవైపు ఇంజనుకి తగిలేది. ఆ రెంటి మధ్యా టిక్కు పడేది కాదు. అరగంట అటూ ఇటూ ఊపాను, బోల్టు ఉన్నచోటే ఉంది. 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. 90 పళ్లదైతే 4. కొత్తగా కొన్న 72 పళ్ల 3/8 రాచెట్‌తో అదే బోల్టు టిక్కు టిక్కుమంటూ ఐదు నిమిషాల్లో వచ్చేసింది. ఇంకో చిన్న పరీక్ష ఏంటంటే, బోల్టు వదులయ్యాక రాచెట్‌ని వెనక్కి తిప్పుతుంటే బోల్టు కూడా వెనక్కి తిరక్కూడదు. లోపలి స్ప్రింగు మరీ బిర్రుగా ఉన్న రాచెట్ విప్పిన బోల్టుని మళ్లీ బిగిస్తూ కూర్చుంటుంది. కొనేముందు సాకెట్టుని రెండు వేళ్లతో పట్టుకుని పిడి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

మొండి బోల్టుకి రాచెట్ వాడకూడదని కూడా ఆ రాచెట్టే నేర్పింది, మాటల్లో కాదు, ఒక పన్ను ఊడగొట్టుకుని. దానికి బ్రేకర్ బార్ ఉంది. లోపల పళ్లూ గిళ్లూ లేని పొడుగాటి ఇనప కడ్డీ, చివర చదరపు మొన. లెక్క వేసుకుంటే దాని విలువ తెలుస్తుంది. నా చక్రం నట్టుకి మాన్యువల్ చెప్పిన బిగింపు 103 న్యూటన్ మీటర్లు. 25 సెంటీమీటర్ల రాచెట్ చివర పట్టుకుంటే సుమారు 42 కిలోల బరువు వేసినంత బలం కావాలి. 60 సెంటీమీటర్ల బార్ అయితే పదిహేడు, పద్దెనిమిది కిలోలు చాలు. పైగా పాతబడి తుప్పు పట్టిన నట్టు విప్పడానికి బిగించినప్పటికంటే చాలా ఎక్కువ బలం పడుతుంది. బార్ కొనకముందు నేను రాచెట్ మీద ఎక్కి నిలబడేవాణ్ణి. వీధిలో పిల్లలు చూసి నవ్వేవాళ్లు, తప్పు వాళ్లది కాదు.

పానాలు మాత్రం మామయ్య చెప్పినట్టే కొన్నాను. ఒకవైపు రింగు, ఒకవైపు నోరు ఉన్న కాంబినేషన్ పానాలు: 8, 10, 12, 14, 17, 19. దాంతోపాటు ఒక 13, బ్యాటరీ క్లాంపు ఎవరో మార్చి 13 నట్టు వేశారు కాబట్టి. రెండు వైపులా వేర్వేరు సైజులుండే పది-పదకొండు, పన్నెండు-పదమూడు లాంటివి కొంటే నా వరసలో సగం నోళ్లు ఖాళీగా ఉండిపోతాయి. పైగా కాలిపర్ దగ్గరలా ఒకే చోట రెండు పానాలు కావాల్సినప్పుడు ఇబ్బంది. నోరు పానాని జాగ్రత్తగా చూస్తే పిడికి తిన్నగా కాకుండా 15 డిగ్రీలు పక్కకి వాలి ఉంటుంది. తయారీ లోపమనుకుని ఒకటి వెనక్కివ్వబోయాను. ఇరుకు చోట కొంచెం తిప్పి, పానాని బోర్లించి మళ్లీ పెడితే ఇంకో పట్టు దొరకడానికే ఆ వాలు. ఆ సంగతి తెలిశాక ఆల్టర్నేటర్ వెనక పని నిజంగా సరదాగా ఉంది.

స్క్రూడ్రైవర్ల గురించి రెండు మాటలు. మనం ప్లస్ గుర్తు ఉన్నదాన్ని స్టార్ స్క్రూడ్రైవర్ అనడం అలవాటు. నిజంగా నక్షత్రంలా ఆరు కోణాలుండేది టార్క్స్. ఆ గందరగోళంలో ఒకసారి "స్టార్ బిట్" అడిగి తప్పుది తెచ్చుకున్నాను. ఇంకో చిక్కు, ప్లస్‌లో కూడా రకాలున్నాయి. ఫిలిప్స్ మొన బలం ఎక్కువైతే గాడిలోంచి పైకి జారుతుంది. జపాను వాళ్ల పాత ప్రమాణం ప్రకారం చేసిన స్క్రూలు చూడటానికి అలాగే ఉంటాయి గానీ గాడి వేరు, చాలావాటి తల మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది. వాటి మీద మామూలు ఫిలిప్స్ పెడితే పూర్తిగా దిగదు, గాడి చిరిగిపోతుంది. ఆ గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్ ఒక్కటి కొన్నాక పెట్టెలోని నలభై చిల్లర బిట్లలో సగం ముట్టలేదు.

ఉక్కు సంగతికొస్తే, క్రోమ్ వెనేడియం అని ప్రతిదాని మీదా రాసుంటుంది. అది మిశ్రమం పేరే తప్ప పనితనానికి పూచీ కాదు. నేను చూసుకున్నవి వేరే. కొత్త బోల్టు మీద సాకెట్టు పెట్టి ఊపితే ఎంత కదులుతుంది? సైజు అంకె లోతుగా చెక్కి ఉందా, పైపైన ముద్రించారా? పెట్టెలోని సాకెట్ల మీద అంకెలు ఏడాదిలో చెరిగిపోయాయి, చీకట్లో 12నీ 13నీ వేలితో తడిమి పోల్చుకోవడం మొదలైంది. ఇంకొక్కటి. దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే ఇంపాక్ట్ గన్ ఎప్పుడైనా కొంటే దానికి నల్లటి క్రోమ్ మాలిబ్డినం సాకెట్లే వాడాలి. తళతళలాడే క్రోమ్ సాకెట్లు ఆ దెబ్బలకి పగిలి ముక్కలు ఎగురుతాయి. నేను గన్ కొనలేదు, కొనను కూడా.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి కొన్నది టార్క్ రెంచి, అంటే ఎంత బిగింపు కావాలో అంకె పెట్టుకుంటే అంత బలం పడగానే టక్కుమనేది. చాలామంది ఇది మెకానిక్కులకే అనుకుంటారు. నా అభిప్రాయం తలకిందులు. మామయ్య మణికట్టుకి నలభై ఏళ్ల జ్ఞాపకం ఉంది, ఆయనకి అక్కర్లేదు. నా మణికట్టుకి ఏమీ తెలియదు, నాకే కావాలి. ఎంత తెలియదో కొన్న రోజే తేలింది. నేను చేత్తో "గట్టిగా" బిగించుకున్న చక్రం నట్టు మీద దాన్ని 103కి పెట్టి లాగాను. నట్టు కదలకుండానే టక్కుమంది. 120కి పెట్టాను, టక్కు. 140కి పెట్టినా అంతే. అయితే స్పార్క్ ప్లగ్గుల విషయంలో భయపడి, ఒకదాన్ని వేళ్లతో తిప్పి వదిలేసినట్టే బిగించాను. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. సరైనది ఎక్కడా లేదు.

ఒక్క రెంచితో అన్నీ కావు. టక్కుమనే రకం రెంచికి దాని కొలతలో అడుగు భాగం నమ్మదగింది కాదు, మొత్తంలో ఇరవై శాతానికి పైన వాడుకోవాలి. 40 నుంచి 200 దాకా ఉండే అర అంగుళం రెంచి చక్రాలకి సరిగ్గా సరిపోతుంది. నా ప్లగ్గుకి కావాల్సిన 18 దానిలో లేనే లేదు. అందుకని కొన్నాళ్లాగి 10 నుంచి 60 దాకా ఉండే 3/8 రెంచి ఇంకొకటి తీసుకున్నాను. డ్రెయిన్ బోల్టుకి, ప్లగ్గులకి, కాలిపర్ బోల్టులకి అదే. ఇంజను అడుగున ఉండే ఆయిల్ ట్యాంకు అల్యూమినియంది, డ్రెయిన్ బోల్టు ఉక్కుది. బలం ఎక్కువైతే మర పోయేది ట్యాంకులోదే, బోల్టుది కాదు. ఆ భయంతోనే రెండోది కొన్నాను. ఐఎస్ఓ 6789 ప్రమాణానికి తయారైనవి మామూలుగా నాలుగు శాతం అటూ ఇటుగా చూపిస్తాయి. ఆ పరీక్ష కాగితం పెట్టెలో ఉందో లేదో చూసి తీసుకున్నాను.

వాడకంలో చేసిన తప్పులు కూడా చెప్పేస్తాను. మొదటి నెలలో దాంతోనే నట్లు విప్పాను, అది విప్పే పనిముట్టు కాదు. పని అయ్యాక 103 మీదే వదిలి అటక మీద పెట్టాను. లోపలి స్ప్రింగు అలా నొక్కుకుని ఉంటే కొలత తప్పుతుంది, అందుకే పని అవగానే అన్నిటికన్నా కింది గీతకి దింపి పెట్టాలి, సున్నా కిందకి కాదు. ఇంకోసారి చక్రం మరలకి తుప్పు పట్టకూడదని గ్రీజు రాసి 103కి బిగించాను. మాన్యువల్ చెప్పే అంకె పొడి మరకి. గ్రీజు ఉంటే రాపిడి తగ్గి, అదే అంకెకి బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. మామయ్యకి చెబితే తల పట్టుకున్నాడు. గ్రీజంతా తుడిచి మళ్లీ బిగించాను.

మిగతావి చకచకా. మల్టీమీటర్ ఒకటి, చవకదైనా ఫరవాలేదు. ఇంజను ఆపి కొంతసేపు వదిలేసిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, ఇంజను నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ వస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. ఆ రెండు అంకెలు తెలియకే అంతకు ముందు ఒక మంచి బ్యాటరీని మార్చేశాను. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తియ్యాలి. ముందు పాజిటివ్ మీద పానా పెట్టి అది పొరపాటున కారు రేకుకి తగిలితే మెరుపే. చివర అయస్కాంతం ఉన్న సాగే కడ్డీ, నెత్తికి కట్టుకునే లైటు, ఆయిల్ ఫిల్టర్ విప్పే కప్పు, రబ్బరు పట్టు ఉన్న 16 ప్లగ్గు సాకెట్టు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల పోర్టులో గుచ్చితే కారు కంప్యూటరు పట్టిన లోపాన్ని కోడుగా చూపించే చిన్న కోడ్ రీడర్ కూడా కొన్నాను. ఇంజను లైటు వెలిగితే పి0301 అని చూపిస్తుంది, అంటే మొదటి సిలిండరు సరిగ్గా మండట్లేదని. అది ప్లగ్గా, కాయిలా, ఇంకేదైనానా అన్నది మాత్రం చెప్పదు. నేను మొదటి కాయిలు తీసి రెండోదానిలో పెట్టాను, కోడు పి0302 అయింది. కాయిలే పోయిందని తేలింది. ఆ రోజు మామయ్యకి ఫోన్ చెయ్యకుండా పని పూర్తిచేశాను, తర్వాత చేసి గంటసేపు గొప్పలు చెప్పుకున్నాను.

ఇక ఆ పెట్టె. అచ్చులు పోసిన ప్లాస్టిక్కు గూళ్లలో ప్రతి ముక్కకీ దాని స్థానం ఉంటుంది, అందుకే చూడముచ్చటగా ఉంటుంది. దాని కష్టం కూడా అదే. కొత్తగా కొన్న ఒక్క పానాకి కూడా అందులో చోటు లేదు. మూత మూసేటప్పుడు ఒక సాకెట్టు గూటిలోంచి జారితే మూత పడదు. మామయ్య సంచి లాంటిది నేనూ తెచ్చుకున్నాను, అరలు కుట్టిన గుడ్డ. పానాలు వరసగా దోపి చుట్టేస్తే చంకలో పడుతుంది. సాకెట్లు ఒక ఇనప పట్టీ మీద గుచ్చి పెట్టాను. ఖాళీ అయిన గుచ్చు కనిపిస్తే ఏదో ఇంజనులో మర్చిపోయానని అర్థం. ఇప్పటికి రెండుసార్లు అలా బానెట్ మళ్లీ ఎత్తాను, రెండుసార్లూ 10దే.

నూట ఎనిమిదిలో నేను కొత్త సంచిలోకి తెచ్చుకున్నవి తొమ్మిది. పావు అంగుళం రాచెట్, దాని చిన్న సాకెట్లు నాలుగు, ఎక్స్‌టెన్షన్ రాడ్లు రెండు, యూనివర్సల్ జాయింటు, ఒక బిట్ పట్టుకునే పిడి. మిగతా పెట్టెను మా తమ్ముడు సైకిళ్లకని పట్టుకుపోయాడు. వెళ్తూ, "అన్నయ్యా, ఇందులో 8, 10 ఎక్కడివక్కడ లేవేంటి?" అన్నాడు. నా సంచి వైపు చూడనివ్వకుండా పంపించేశాను.

వచ్చే వారం వెనక బ్రేకులు చెయ్యాలి. నాది వెనక కూడా డిస్కే. హ్యాండ్ బ్రేకు ఆ కాలిపర్‌లోనే ఉంది కాబట్టి ముందువాటిలా పిస్టన్‌ని సీ-క్లాంపుతో నొక్కితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. దానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉంటుంది. పుస్తకంలో ఆ పని పక్కన "నాలుగేళ్లకోసారి" అని రాసుంది. అంత అరుదైన పనికి కొనడమెందుకని మామయ్యకి ఫోన్ చేశాను.

"ఉంది, వచ్చి పట్టుకుపో. కానీ తెచ్చివ్వాలి. పోయినసారి పట్టుకెళ్లిన పదిహేడు పానా ఏదిరా?"

సంచి విప్పి చూశాను. రెండు 17లు ఉన్నాయి. పలచటిది ఆయనదే.